టైఫాయిడ్: జ్వరం మొదలైన రోజు నుంచి చివరి మాత్ర దాకా

మూడు రోజులుగా జ్వరం. వీధి చివరి ల్యాబ్‌లో రక్తం ఇస్తారు. సాయంత్రానికి చీటీ వస్తుంది: టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ పరీక్ష పాజిటివ్. ఆ రాత్రే చేతికి సెలైన్, మర్నాటి నుంచి పొద్దునా సాయంత్రం సూది. ఆరో రోజుకి జ్వరం జారిపోతుంది. టైఫాయిడ్ తగ్గిందని అందరికీ చెప్పుకుంటారు. వచ్చింది టైఫాయిడేనా అని మాత్రం ఎవరూ అడగరు. మామూలు వైరల్ జ్వరమైనా ఆరో రోజుకి దానంతట అదే తగ్గేదే కదా!

దీనికి అటువైపు కథ ఇంకా ఇబ్బందికరం. నిజంగా టైఫాయిడే వచ్చి, సరైన మందే మొదలుపెట్టి, రెండు రోజులైనా జ్వరం దిగలేదని టెన్షన్‌తో డాక్టర్ని మార్చేస్తారు. ఆయన మందు మారుస్తాడు. మా ఇంట్లోనే ఒక పిల్లాడికి వారంలో మూడు రకాల యాంటీబయాటిక్స్ పడ్డాయి. చివరికి ఏది పనిచేసిందో మాకెవరికీ తెలియదు.

ఈ రెండు పొరపాట్లకూ కారణం ఒక్కటే, ఏ రోజు ఏం చేయాలో వరస తెలియకపోవడం. అందుకే ఇక్కడ రోజుల వారీగా రాస్తున్నాను. ఇది డాక్టర్‌కి బదులు కాదు. డాక్టర్ దగ్గర ఏం అడగాలో, ఇంటికొచ్చాక ఏం చేయాలో తెలుసుకోవడానికి.

ముందు క్రిమి దారి

పాతకాలం వాళ్లు సన్నిపాత జ్వరం అనేది దీన్నే. తెచ్చిపెట్టేది సాల్మొనెల్లా టైఫీ అనే బ్యాక్టీరియా. 1880లో కార్ల్ ఎబర్ట్ దీన్ని మైక్రోస్కోపులో గుర్తించాడు, 1884లో గియోర్గ్ గాఫ్కీ ల్యాబ్‌లో పెంచి చూపించాడు. మనకు ముఖ్యమైన సంగతి వేరే ఉంది. ఈ క్రిమికి మనిషి ఒంట్లో తప్ప వేరే కాపురం లేదు. కోళ్లకూ గేదెలకూ ఇది రాదు, దోమ మోయదు. అంటే టైఫాయిడ్ వచ్చిన ప్రతి మనిషీ ఇంకో మనిషి మలంలోంచో మూత్రంలోంచో వచ్చిన క్రిమిని మింగినట్టే. వినడానికి అసహ్యంగానే ఉంటుంది. కానీ ఈ ఒక్క వాక్యం గుర్తుంటే జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. వానలో తడిస్తే టైఫాయిడ్ రాదు, వానకి మురుగు పొంగి మంచినీళ్ల పైపులో కలిస్తే వస్తుంది. చల్లటి చెరకు రసంలో తప్పు చల్లదనానిది కాదు, ఆ ఐసు ఏ నీళ్లతో చేశారన్నదే అసలు సంగతి. గడ్డకట్టినంత మాత్రాన ఈ క్రిమి చావదు.

మింగిన క్రిముల్లో చాలావాటిని కడుపులోని ఆమ్లమే చంపేస్తుంది. రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకునేవాళ్లలో ఆ కాపలా కాస్త పలచబడుతుందని గుర్తుపెట్టుకోండి. తప్పించుకున్న క్రిములు చిన్నపేగు గోడలోకి దూరి, అక్కణ్నుంచి రక్తంలోకి, కాలేయం, ప్లీహం, ఎముక మజ్జల్లోకి వెళ్లి పెరుగుతాయి. పిత్తాశయంలో చేరి, పైత్యరసంతో పాటు మళ్లీ పేగులోకి దిగుతాయి. ఇదంతా జరగడానికి మామూలుగా 8 నుంచి 14 రోజులు పడుతుంది, ఒక్కోసారి నెల దాకా కూడా. కాబట్టి నిన్న సాయంత్రం తిన్న పానీపూరీని తిట్టి లాభం లేదు. రెండు వారాల వెనక ఏ పెళ్లిలో ఏ డ్రమ్ములో నీళ్లు తాగామో గుర్తు చేసుకోవాలి.

మొదటి మూడు రోజులు: కొలవండి, రాయండి, ఆగండి

థర్మామీటర్ కొనండి. నుదుటి మీద చెయ్యి పెట్టి చెప్పే జ్వరం లెక్కకు రాదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు చూసి, ఏ టైముకి ఎంత ఉందో ఒక కాగితం మీద రాయండి. డాక్టర్‌కి ఆ కాగితం సగం పరీక్షలతో సమానం. ఎందుకంటే టైఫాయిడ్ జ్వరం సాధారణంగా ఒక్కసారిగా 104 కి ఎగరదు. రోజు రోజుకీ మెట్లెక్కినట్టు పెరుగుతూ, వారం చివరికి దిగకుండా నిలబడిపోతుంది. తోడుగా తలనొప్పి, నీరసం, ఆకలి చచ్చిపోవడం, నాలుక మీద తెల్లటి పూత, కడుపులో నొప్పి. పెద్దవాళ్లలో మొదట్లో మలబద్ధకం ఉండొచ్చు, పిల్లల్లో విరేచనాలు ఎక్కువ. పుస్తకాల్లో చెప్పే గులాబీ రంగు మచ్చలు మన చామనఛాయ ఒంటి మీద దొరకడం కష్టం, వాటికోసం వెతక్కండి.

ఈ మూడు రోజులూ పారాసెటమాల్ చాలు. పెద్దవాళ్లకు 500 లేదా 650 మిల్లీగ్రాముల మాత్ర, కనీసం ఆరు గంటల తేడాతో. పిల్లలకు బరువుని బట్టి కిలోకి 15 మిల్లీగ్రాములు. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వద్దు. ఒకవేళ అది డెంగీ అయితే రక్తస్రావం ప్రమాదం ఉంది.

యాంటీబయాటిక్ మాత్రం ఇంకా వద్దు. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తారు, అసలు బాధ అదే. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టర్ రాయకుండా వాడకూడని మందు అని అర్థం. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ఆ ఎర్ర గీత గురించి ప్రత్యేకంగా ప్రచారం కూడా చేసింది. రెండు మాత్రలు వేసుకున్నా చాలు, రేపు చేయబోయే కల్చర్ పరీక్షలో, అంటే రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్షలో, అది పట్టుబడకుండా పోవచ్చు.

చంటిపిల్లలు, గర్భిణులు, బాగా పెద్దవయసువాళ్లు, షుగరు ఉన్నవాళ్లు మూడు రోజులు ఆగకూడదు, మొదటి రోజే చూపించాలి. మగతగా ఉన్నా, వాంతులతో నీళ్లు కూడా నిలవకపోయినా ఎవరైనా సరే వెంటనే వెళ్లాలి.

నాలుగో రోజు: ఏ పరీక్ష అడగాలి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మన దగ్గర టైఫాయిడ్ విషయంలో బండి పట్టాలు తప్పేది ఇక్కడే.

వైడాల్ పరీక్షని 1896లో పారిస్‌లో ఫెర్నాండ్ వైడాల్ కనిపెట్టాడు. ఇది క్రిమిని వెతకదు. క్రిమి మీద పోరాడటానికి మన ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలు రక్తంలో ఉన్నాయా అని చూస్తుంది. ఇందులో మూడు చిక్కులున్నాయి. ఆ యాంటీబాడీలు తయారవడానికే వారం పడుతుంది కాబట్టి రెండో రోజో మూడో రోజో చేయిస్తే నిజమైన టైఫాయిడ్ కూడా నెగటివ్ అని రావచ్చు. రెండోది, మన ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్ల ఒంట్లో ఎప్పుడో తగిలిన క్రిముల తాలూకు యాంటీబాడీలు అంతో ఇంతో ఉండనే ఉంటాయి. ఇప్పటి జ్వరం డెంగీదైనా మలేరియాదైనా చీటీ మీద యాంటీబాడీల కొలత 1:80 అనో 1:160 అనో కనిపించేస్తుంది. మూడోది, జబ్బు నయమయ్యాక కూడా అవి నెలల తరబడి అలాగే ఉంటాయి. తగ్గిందో లేదో చూద్దామని మళ్లీ వైడాల్ చేయించి, ఇంకా పాజిటివ్‌గానే ఉందని మరో పది రోజులు సూదులు వేయించుకునేవాళ్లను చూస్తే జాలేస్తుంది. వారం, పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి, అంకె నాలుగు రెట్లు పెరిగితే అప్పుడు వైడాల్‌కి కాస్త విలువ. అలా ఎవరు చేయిస్తున్నారు?

క్రిమిని నేరుగా పట్టేది బ్లడ్ కల్చర్. రక్తాన్ని ఆహారం ఉన్న సీసాలో పోసి, వెచ్చగా ఉంచి, బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూస్తారు. ఖరీదు ఎక్కువే, రిపోర్టుకి రెండు మూడు రోజుల నుంచి ఐదు రోజుల దాకా పడుతుంది. అందుకే చాలామంది వద్దంటారు. కానీ ఏ మందుకి ఈ క్రిమి లొంగుతుందో చెప్పేది ఇదొక్కటే. చేయించేటప్పుడు మూడు విషయాలు చూసుకోండి. యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే రక్తం తీయాలి. జ్వరం మొదలైన మొదటి వారంలో తీస్తే క్రిమి దొరికే అవకాశం ఎక్కువ. పెద్దవాళ్లకైతే సీసాకి 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం కావాలి. రెండు చుక్కలు తీసి కల్చర్ అంటే నమ్మకండి. ఇన్నీ సరిగ్గా చేసినా నిజమైన టైఫాయిడ్ కేసుల్లో సుమారు 60 శాతమే ఇందులో బయటపడతాయి. నెగటివ్ వచ్చినా లక్షణాలు గట్టిగా ఉంటే డాక్టర్ టైఫాయిడ్ మందు కొనసాగించడంలో తప్పు లేదు.

కల్చర్‌తో పాటు కంప్లీట్ బ్లడ్ పిక్చర్, మలేరియా, డెంగీ పరీక్షలు కూడా ఆ రోజే ఇవ్వండి. టైఫాయిడ్‌లో తెల్లకణాలు సాధారణంగా పెరగవు, మామూలుగానో తక్కువగానో ఉంటాయి. వాటిలో ఒక రకమైన ఈజినోఫిల్స్ దాదాపు మాయమవుతాయి. ఇవి చిన్న ఆధారాలే, కానీ డాక్టర్లు చూస్తారు. పొలం పనులకు వెళ్లేవాళ్లయితే చంకలు, గజ్జలు, నడుం దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు ఉందేమో చూసుకోండి. ఉంటే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. పేరు టైఫాయిడ్‌కి దగ్గరగా ఉన్నా ఆ క్రిమి వేరు, మందూ వేరు.

మందు మొదలయ్యాక: నాలుగైదు రోజులు ఓపిక పట్టండి

యాంటీబయాటిక్స్ రాకముందు టైఫాయిడ్ వచ్చిన వందమందిలో పది నుంచి ఇరవై మంది దాకా చనిపోయేవారు. 1948లో క్లోరాంఫెనికాల్ వచ్చాక కథ మారింది. తర్వాత ఏమైందో కూడా తెలుసుకోవాలి. 1990ల నాటికే ఆ మందుకీ, యాంపిసిలిన్‌కీ, కోట్రైమాక్సజోల్‌కీ లొంగని క్రిములు మన దేశంలో విస్తరించాయి. అప్పుడు సిప్రోఫ్లాక్ససిన్‌కి మారాం, దాన్నీ అరగదీసేశాం. ఇప్పుడు మన దగ్గర దొరికే టైఫాయిడ్ క్రిముల్లో ఎక్కువ భాగం సిప్రోకి సరిగ్గా లొంగవు. 2016 చివర్లో హైదరాబాద్‌లో సెఫ్‌ట్రయాక్సోన్‌కి కూడా లొంగని రకం పుట్టుకొచ్చింది. మనది కాదు లెండి, పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రపు హైదరాబాద్. అక్కడ వాడే మాత్రల్లో చివరికి అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది.

మన దగ్గర ఇప్పుడు వాడేవి ముఖ్యంగా మూడు: అజిత్రోమైసిన్ మాత్రలు సాధారణంగా 7 రోజులు, సెఫిక్సిమ్ మాత్రలు 10 నుంచి 14 రోజులు, జబ్బు తీవ్రంగా ఉంటే సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్లు 10 నుంచి 14 రోజులు. ఎవరికి ఏది, ఎంత అన్నది డాక్టర్ చెప్పాలి. మీరు అడగాల్సినవి రెండే ప్రశ్నలు. ఇది ఎన్ని రోజుల కోర్సు? కల్చర్ రిపోర్టు వచ్చాక మార్చాల్సి ఉంటుందా? రిపోర్టులో మందుల పేర్ల పక్కన ఉండే ఎస్ అక్షరం ఆ మందుకి క్రిమి లొంగుతుందనీ, ఆర్ లొంగదనీ చెబుతుంది. ఆ కాగితం పారేయకుండా దాచుకోండి.

సరైన మందు పడ్డాక కూడా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పడుతుంది, ఒక్కోసారి ఆరు. రెండో రోజు సాయంత్రం మళ్లీ 103 వస్తే మందు పనిచేయలేదని కాదు. క్రిములు కణాల లోపల దాక్కుని ఉంటాయి, మందు అక్కడికి చేరి పని ముగించడానికి టైము కావాలి. మీ జ్వరం కాగితం ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. జ్వరం పూర్తిగా పోకపోయినా పతాక స్థాయి రోజుకింత తగ్గుతోందా, జ్వరాల మధ్య గ్యాప్ పెరుగుతోందా అని చూడండి. తగ్గుతుంటే కదలకండి. ఆరు రోజులైనా అంగుళం తగ్గకపోతే అదే డాక్టర్ దగ్గరికి వెళ్లి మాట్లాడండి.

సెలైన్ గురించి ఒక మాట. అది ఉప్పునీళ్లు, మహా అయితే కాస్త గ్లూకోజు. నోటితో తాగలేనివాళ్లకు ప్రాణాధారం, తాగగలిగినవాళ్లకు ఓఆర్‌ఎస్, మజ్జిగ, కొబ్బరినీళ్లు అదే పని చేస్తాయి. టైఫాయిడ్ క్రిమిని సెలైన్ ఏమీ చేయదు.

రెండో వారం చివర, మూడో వారంలో మాత్రం కళ్లు తెరుచుకుని ఉండండి. చిన్నపేగు గోడలో క్రిమి చేసిన పుండు చిల్లు పడే సమయం అదే. కడుపు నొప్పి ఒక్కసారిగా పెరిగి పొట్ట చెక్కలా బిగుసుకుపోతే, మలం తారులా నల్లగా వచ్చినా రక్తం పడినా, మనిషి పలవరిస్తున్నా, మూత్రం బాగా తగ్గినా రాత్రయినా సరే సర్జన్ ఉన్న పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పేగుకి చిల్లు పడితే ఆపరేషన్ ఒక్కటే దారి.

తిండి

లంఖణం పరమౌషధం అనే మాట టైఫాయిడ్‌కి పెద్ద శత్రువు. మూడు వారాలు బ్రెడ్డు ముక్క, బార్లీ నీళ్లతో నెట్టుకొచ్చిన ఒళ్లు జబ్బుతో ఎలా పోరాడుతుంది? 19వ శతాబ్దంలోనే డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ జ్వరం వచ్చినవాళ్లకు తిండి పెట్టాలని పట్టుబట్టాడు. జ్వరాలకు అన్నం పెట్టినవాడినని తన సమాధి మీద రాస్తే చాలన్నాడట. ఇడ్లీ, రాగి జావ, మెత్తగా ఉడికిన పప్పన్నం, పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, అరటిపండు ఏదైనా పెట్టొచ్చు. కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు. కారం, వేపుళ్లు, పీచు ఎక్కువున్నవి పేగు మానేదాకా పక్కన పెట్టండి. గుడ్డు తింటే పచ్చకామెర్లు వస్తాయనే భయం కూడా అక్కర్లేదు.

ఇంట్లో మిగతావాళ్లు

దగ్గినా తుమ్మినా టైఫాయిడ్ అంటదు. రోగిని వేరే గదిలో పెట్టి తలుపు దగ్గర కంచం పెట్టాల్సిన పని లేదు. అసలు జాగ్రత్త బాత్రూం దగ్గర. రోగి మలవిసర్జన తర్వాతా, రోగికి సాయం చేసినవాళ్లు ఆ వెంటనేనూ సబ్బుతో వేళ్ల సందులు, గోళ్ల కింద రుద్ది 20 సెకన్లు కడుక్కోవాలి. వట్టి నీళ్లతో కడిగితే లెక్కలోకి రాదు. గోళ్లు కత్తిరించండి. తలుపు గడియ, చెంబు, కొళాయి పిడి రోజూ డిటర్జెంటుతో కడగండి. లోబట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో నానబెట్టి ఉతికి ఎండలో వేయండి. వంట చేసే మనిషికే జబ్బు వస్తే, కోర్సు పూర్తయి డాక్టర్ సరే అనేదాకా వంటింట్లోకి వెళ్లకూడదు. మన ఇళ్లలో అమ్మకి జ్వరం వచ్చినా పొయ్యి ముందు నుంచి లేవనివ్వరు. ఈ ఒక్క జబ్బుకైనా లేవనివ్వండి.

తగ్గాక

కోర్సు మధ్యలో జ్వరం పోగానే మాత్రలు మానేస్తే జబ్బు మళ్లీ తిరగబెట్టొచ్చు. పూర్తి కోర్సు వాడినా కొద్దిమందిలో ఒకటి నుంచి మూడు వారాల తర్వాత తిరగబెడుతుంది. అందుకే ఆ నెల రోజులూ థర్మామీటర్ అందుబాటులో ఉంచుకోండి. మళ్లీ జ్వరం వస్తే మళ్లీ కల్చర్.

ఇంకో చిక్కు బయటికి కనపడదు. నూటికి ఇద్దరి నుంచి ఐదుగురు దాకా కోలుకున్నాక కూడా ఏడాదికి పైగా క్రిమిని మలంలో వదులుతూ ఉంటారు. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లలో ఇది ఎక్కువ, ఆ రాళ్ల మీద క్రిమి పొరలా పేరుకుని కూర్చుంటుంది. వాళ్లకి జ్వరం ఉండదు, నీరసం ఉండదు. న్యూయార్క్‌లో వంటమనిషి మేరీ మాలన్ ఇలాంటి మనిషే. ఆమె పనిచేసిన ఇళ్లలో వరసగా టైఫాయిడ్ వస్తోందని శానిటరీ ఇంజనీరు జార్జ్ సోపర్ ఆరా తీస్తే 1907లో ఆమె దొరికింది. తనకు జబ్బే లేదని ఆమె చివరిదాకా వాదించింది. ఒకసారి విడిచిపెడితే పేరు మార్చుకుని మళ్లీ వంట పనికే వెళ్లింది. 1915 నుంచి 1938లో చనిపోయేదాకా ఆమెను న్యూయార్క్‌లోని నార్త్ బ్రదర్ దీవిలోనే ఉంచేశారు. ఆమెకు జరిగింది అన్యాయమే అనిపిస్తుంది నాకు, అప్పట్లో ఆమెకివ్వడానికి సరైన మందు కూడా లేదు. ఇప్పుడుంది. హోటల్, హాస్టల్, క్యాటరింగ్, అంగన్‌వాడీ వంట పనివాళ్లు టైఫాయిడ్ నుంచి కోలుకున్నాక మల పరీక్ష కల్చర్ చేయించుకోవాలి. క్రిమి కనిపిస్తే వారాల తరబడి మందు, అవసరమైతే పిత్తాశయం ఆపరేషన్ ఉంటాయి.

నీళ్లు

మన పట్టణాల్లో నీళ్లు రోజంతా రావు. నీళ్లు రాని గంటల్లో పైపులో ఒత్తిడి ఉండదు, పక్కనే పోతున్న మురుగు కాలువ నీళ్లు పగుళ్లలోంచి లోపలికి చేరతాయి. నల్లాకి నేరుగా మోటారు బిగించి లాగితే ఆ పీల్పుకి మురుగు ఇంకా తొందరగా వస్తుంది. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషిత నల్లా నీళ్లతో కలరా పాకి ప్రాణాలు పోయాయి. టైఫాయిడ్ నడిచే దారీ అదే. కాబట్టి వదలగానే వచ్చే మొదటి నీళ్లు తాగడానికి పట్టకండి. రంగు, వాసన తేడాగా ఉంటే ఆ రోజుకి నల్లా నీళ్లు కాచుకోవాల్సిందే.

కాచడం అంటే గోరువెచ్చన కాదు. సలసల మరగడం మొదలయ్యాక ఇంకో నిమిషం ఉంచి దించాలి. ఇల్లంతా ఫిల్టర్ పెట్టుకుని, ఆ నీళ్లు పట్టిన బిందెలో వేళ్లు ముంచి గ్లాసుతో తీస్తే ఫిల్టర్ డబ్బులు దండగ. కొళాయి ఉన్న పాత్రో, పొడవు కాడ ఉన్న గరిటో వాడండి.

బావికీ ట్యాంకుకీ బ్లీచింగ్ పౌడర్ వేసేటప్పుడు గుప్పెట్లతో చల్లకండి. మంచి నాణ్యత ఉన్న పౌడర్ అయితే 1,000 లీటర్ల తేట నీటికి సుమారు 2.5 గ్రాములు చాలు. ముందు బకెట్లో కాసిని నీళ్లతో ముద్దలా కలిపి, నీళ్లు నింపి, పది నిమిషాలు ఆగితే సున్నం అడుగుకి దిగుతుంది. పైన తేరిన నీళ్లనే బావిలో పోసి కలియబెట్టాలి, అడుగు సున్నం పారేయాలి. కనీసం గంట ఆగాక వాడుకోవాలి. రాత్రి పడుకునే ముందు చేస్తే సుఖం. డబ్బా మూత తీసి ఉంచిన పాత పౌడర్‌లో క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది, వేసినా వేయనట్టే.

బయట తిండికి నా లెక్క ఇది: కళ్లముందు పొగలు కక్కుతూ దిగింది తినొచ్చు. మరిగే నూనెలోంచి తీసిన మిరపకాయ బజ్జీ వల్ల టైఫాయిడ్ రాదు, దాన్ని కోసి పైన చల్లే పచ్చి ఉల్లిపాయల వల్ల రావచ్చు. కోసి పెట్టిన పండ్లు, ఐసు, పానీపూరీ నీళ్లు, పచ్చి చట్నీలు మానుకోండి.

టీకా

టైఫాయిడ్ కాంజుగేట్ టీకాల్లో (పొట్టిగా టీసీవీ, ఇప్పటి కొత్త రకం) ప్రపంచ ఆరోగ్య సంస్థ మొట్టమొదట ఆమోదించినది మన హైదరాబాద్‌లో తయారైనదే. భారత్ బయోటెక్ చేసిన టైప్‌బార్ టీసీవీకి 2017 డిసెంబరులో ఆ గుర్తింపు వచ్చింది. మూడేళ్ల తర్వాత గుర్తింపు పొందిన రెండోది కూడా ఈ ఊరిదే, బయోలాజికల్-ఇ వారి టైఫిబెవ్. నేపాల్, మలావీల్లో పిల్లల మీద చేసిన పెద్ద పరిశోధనల్లో ఒక్క డోసుతో దాదాపు 80 శాతం రక్షణ కనిపించింది.

పిల్లలకు ఆరు నెలలు నిండాక ఒక డోసు. పెద్ద పిల్లలు, పెద్దవాళ్లు, ముఖ్యంగా హాస్టల్లో చేరబోయేవాళ్లు, వంట పనివాళ్లు, విదేశాల నుంచి సెలవులకు ఇంటికొచ్చే మనవాళ్లు కూడా వేయించుకోవచ్చు. అక్కడ పుట్టిన పిల్లలకి ఈ క్రిమితో పరిచయమే ఉండదు, ప్రయాణానికి రెండు వారాల ముందే వేయించుకుంటే మంచిది. ఒకసారి టైఫాయిడ్ వస్తే జీవితాంతం రక్షణ ఉంటుందని అనుకోకండి. కోలుకున్నాక నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి టీకా తీసుకోవచ్చు. టీకా వేసుకున్నా పారాటైఫాయిడ్ రావచ్చు, అది దగ్గరి చుట్టమే కానీ ఈ టీకాకి చిక్కదు.

పాత రకం వీఐ పాలీశాకరైడ్ టీకా కూడా ఉంది. అది రెండేళ్ల లోపు పిల్లల్లో పనిచేయదు, ప్రతి మూడేళ్లకూ మళ్లీ వేయించాలి. మీ పిల్లాడి కార్డు తీసి టైఫాయిడ్ ఎదురుగా ఏ టీకా పేరు రాశారో ఒకసారి చూడండి. టీసీవీ అని లేకపోతే ఈసారి వెళ్లినప్పుడు డాక్టర్‌ని అడగండి.